ఓడ రేవుకు చేరితేనే లెక్క

విశాఖ ఆర్కే బీచ్ ఒడ్డున కురుసుర సబ్‌మెరైన్ ఉంది. రోడ్డు దాటితే టీయూ-142 విమానం. కాస్త దూరంలో 1971 విజయానికి గుర్తుగా కట్టిన స్మారకం. అంటే ఒక సబ్‌మెరైన్, దాన్ని వెతికే విమానం, ఇంకో సబ్‌మెరైన్ మునిగిందన్న సంబరం. ఈ హడావుడంతా ఎవరి కోసమో ఆ సరుకు ఓడ మాత్రం ప్రదర్శనలో ఎక్కడా లేదు. అది కావాలంటే సముద్రం వైపు చూడాలి. బెర్తు కోసం లంగరేసుకుని పడిగాపులు కాస్తున్న బొగ్గు ఓడలు, క్రూడ్ ట్యాంకర్లు రాత్రిపూట దీపాల వరసలా కనిపిస్తాయి.

మన ఊళ్ళో సబ్‌మెరైన్ల నుంచి ఓడలను కాపాడే విషయం ఎవరెత్తినా పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీతో మొదలుపెట్టి ఘాజీతోనే ఆపేస్తారు. 1971 డిసెంబరు 3 అర్ధరాత్రి ప్రాంతంలో అది మునిగింది ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జ్‌ల (నీటి కింద పేలే బాంబుల) వల్లనా, తాను పరుస్తున్న మైన్ల (నీటిలో పెట్టే మందుపాతరల) వల్లనా, లోపలే ఏదో పేలడం వల్లనా అన్న వాదన యాభై ఏళ్ళు దాటినా తెగలేదు. నన్నడిగితే ఆ వాదన పక్కన పెట్టి చూడాల్సిన సంగతి వేరే ఉంది. ఘాజీ ఎవరి కోసం వచ్చిందో ఆ విమానవాహక నౌక విక్రాంత్ అప్పటికి ఇక్కడ లేదు. దాన్ని అండమాన్ల వైపు పంపేసి, విశాఖలోనే ఉందనిపించేలా రేడియో సందేశాలు నడిపారు. కాబట్టి ఘాజీ మునగకపోయినా విక్రాంత్ ఆ రాత్రి క్షేమంగానే ఉండేది. కాపాడే పని అప్పటికే అయిపోయింది. మునగడం దాని మీద అదనం.

రెండో ప్రపంచ యుద్ధంలో అట్లాంటిక్ ఎస్కార్ట్‌లకు (సరుకు ఓడల వెంట కాపలాగా పోయే యుద్ధనౌకలకు) బ్రిటిష్ నేవీ ఇచ్చిన ఆదేశాల్లో మొదటి లక్ష్యం కాన్వాయ్, అంటే కాపలాతో కలిసి పోయే సరుకు ఓడల గుంపు, క్షేమంగా, వేళకు గమ్యం చేరడం. సబ్‌మెరైన్లను ముంచడం దాని తరవాతే. ఈ వరస తలకిందులైన చోటల్లా ఓడలు పోయాయి. మన దగ్గర పత్రికల్లో, టీవీల్లో, నేవీ డే ప్రసంగాల్లో ఇంకా తలకిందులుగానే వినిపిస్తోందని నా ఫిర్యాదు.

ముందు వేట సంగతి చూద్దాం. ఓడకు టార్పెడో తగిలింది. సబ్‌మెరైన్ ఆ చోటి నుంచి 5 నాట్ల (గంటకు 5 నాటికల్ మైళ్ళ) వేగంతో చప్పుడు లేకుండా జారుకుంటోంది, ఎటో తెలియదు. హెలికాప్టర్ అరగంటలో చేరితే వెతకాల్సిన వృత్తం వ్యాసార్థం రెండున్నర నాటికల్ మైళ్ళు, వైశాల్యం 20 చదరపు మైళ్ళు. నాలుగు గంటలకు చేరితే వ్యాసార్థం 20 మైళ్ళు, వైశాల్యం 1,250 పైచిలుకు. ఆలస్యం ఎనిమిది రెట్లు, వెతకాల్సిన నీళ్ళు అరవై నాలుగు రెట్లు. 1971 డిసెంబరు 9న డయ్యూ దగ్గర పాకిస్తాన్ సబ్‌మెరైన్ హంగోర్ మన ఐఎన్ఎస్ ఖుక్రీని ముంచింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు పోయారు. ఆ తరవాత రోజుల తరబడి ఓడలతో, విమానాలతో గాలించినా హంగోర్ తప్పించుకుని కరాచీ చేరింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం సముద్రం మీద చాలా ఖరీదైన పని. సబ్‌మెరైన్ ఎక్కడుందో వెతుక్కుంటూ తిరగడం కన్నా అది తప్పనిసరిగా రావాల్సిన చోట, అంటే మన ఓడల దగ్గర, కాచుకోవడం మేలు.

అందుకే కాన్వాయ్. 1917 ఏప్రిల్‌లో ఒక్క నెలలో జర్మన్ సబ్‌మెరైన్లు 8,50,000 టన్నులకు పైగా ఓడలను ముంచాయి. అప్పటిదాకా బ్రిటిష్ నౌకాదళ పెద్దలు కాన్వాయ్‌కి ఒప్పుకోలేదు. ఓడలన్నీ ఒకచోట చేరితే పెద్ద గురి అవుతుందనీ, సరుకు ఓడల కెప్టెన్లు వరస తప్పకుండా నడపలేరనీ, అన్నీ ఒకేసారి వస్తే రేవులు కిక్కిరిసిపోతాయనీ వాళ్ళ అభ్యంతరాలు. మే నెలలో జిబ్రాల్టర్ నుంచి ప్రయోగంగా ఒక కాన్వాయ్ నడిపారు, క్షేమంగా చేరింది. ఇవాళ కాన్వాయ్ పాతబడిన పద్ధతి అనేవాళ్ళు కూడా తిరగేసి మరగేసి ఆ మూడు అభ్యంతరాలే చెబుతారు. మొదటిది లెక్కకు నిలవదు. రెండోది సగం నిజం. మూడోది పూర్తిగా నిజం, దాని గురించి చివర్లో చెబుతాను.

పెద్ద గురి అన్న మాట చూద్దాం. సముద్రంలో సబ్‌మెరైన్‌కి ఒక ఓడ ఎంత దూరం నుంచి కనబడుతుందో, నలభై ఓడల గుంపు దాదాపు అంతే దూరం నుంచి కనబడుతుంది, ఓ రెండు మూడు మైళ్ళు ఎక్కువ. నలభై ఓడలు విడివిడిగా పోతే సబ్‌మెరైన్‌కి నలభై అవకాశాలు. కలిసి పోతే ఒక్కటి, అదీ కాపలా ఉన్న చోట. పైగా గుంపు రెట్టింపైతే దాని చుట్టుకొలత రెట్టింపు కాదు, 1.4 రెట్లే అవుతుంది. కాపలా కాయాల్సింది చుట్టుకొలతను కనుక, గుంపు పెద్దదయ్యే కొద్దీ ఒక్కో ఓడకు పడే కాపలా ఖర్చు తగ్గుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో భౌతిక శాస్త్రవేత్త పాట్రిక్ బ్లాకెట్ బృందం బ్రిటిష్ నౌకాదళ కార్యాలయం అడ్మిరల్టీకి ఈ లెక్క చూపించింది. అంతకు ముందు రెండేళ్ళ రికార్డులు తీస్తే, సగటున 32 ఓడల కాన్వాయ్‌లలో నష్టం 2.5 శాతం, 54 ఓడల వాటిలో 1.1 శాతం అని తేలింది.

మన తీరంలోనే దీనికి రివర్స్ రుజువుంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేసిన సంగతి ఊళ్ళో చాలామందికి తెలుసు. అదే వారం అడ్మిరల్ ఒజావా దళం బంగాళాఖాతంలో 20కి పైగా సరుకు ఓడలను ముంచింది. కలకత్తా రేవు ఖాళీ చేయించి ఓడలను ఎస్కార్ట్ లేకుండా తీరం వెంబడి చెదరగొట్టి పంపారు. దొరికినదాన్ని దొరికినట్టు ముంచుకుంటూ పోయారు. ముంచినవి సబ్‌మెరైన్లు కావు, క్రూయిజర్లూ విమానాలూ. కానీ చెదిరిపోతే ప్రాణం దక్కుతుందన్న లెక్క తప్పని తేలిపోయింది. తమాషా ఏమిటంటే ఆ జపాన్ కూడా తన సరుకు ఓడలకు సరైన ఎస్కార్ట్ కమాండ్ పెట్టుకున్నది 1943 నవంబరులో. అప్పటికి అమెరికన్ సబ్‌మెరైన్లు దాని చమురు దారిని కోయడం మొదలెట్టేశాయి.

ఇక కాన్వాయ్ పేర్పు. అట్లాంటిక్‌లో నలభై ఓడలుంటే తొమ్మిదో పదో నిలువు వరసలు, వరసకు నాలుగైదు ఓడలు. వరసల మధ్య సుమారు 900 మీటర్లు, వరసలో ఓడకూ ఓడకూ మధ్య అందులో సగం. అంటే గుంపు వెడల్పు ఎక్కువ, ముందు నుంచి వెనక్కు పొడవు తక్కువ. పక్క నుంచి కొట్టే టార్పెడోకి ఓడ పూర్తి పొడవు దొరుకుతుంది కాబట్టి పక్కభాగాన్ని చిన్నది చేస్తారు. ట్యాంకర్లు, మందుగుండు ఓడలు నడిమధ్యలో. ప్రాణాలతో తేలినవాళ్ళను ఎక్కించుకునే రెస్క్యూ ఓడ చివర. వెనకబడిపోయిన ఓడ పని అయిపోయినట్టే. అట్లాంటిక్‌లో పోయిన ఓడల్లో ఇంజిన్ నలతతోనో, తుఫానులో దారి తప్పో గుంపు నుంచి విడిపోయినవి చాలానే ఉన్నాయి.

ఎస్కార్ట్‌లను చుట్టూ సమానంగా పరవరు. ఈ చిన్న లెక్క తెలియకపోతే మిగతాదేదీ అర్థం కాదు. నీటి కింద సబ్‌మెరైన్ వేగం ఓడల వేగం కన్నా తక్కువైతే, అది వెనక నుంచి తరుముకొచ్చి పట్టుకోలేదు. ముందే దారికి అడ్డంగా వచ్చి కూర్చోవాలి. ఎంత ముందు అన్నది రెండు వేగాల నిష్పత్తి చెబుతుంది. ఓడలు 14 నాట్లు, సబ్‌మెరైన్ 8 నాట్లు అయితే ఓడల ముందు వైపు ఎడమకు 35, కుడికి 35 డిగ్రీల కోణంలో ఉన్న సబ్‌మెరైనే టార్పెడో అందే దూరానికి రాగలదు. సబ్‌మెరైన్ 5 నాట్లకు మించి పోలేకపోతే ఆ కోణం 21 డిగ్రీలకు కుంచించుకుపోతుంది. అదే ఓడలు 10 నాట్లకు తగ్గితే, 8 నాట్ల సబ్‌మెరైన్‌కి 53 డిగ్రీలు తెరుచుకుంటుంది. కాబట్టి ఓడల వేగంలో ఒక్కో నాటూ ఒక్కో ఎస్కార్ట్ ఓడతో సమానమన్నా పెద్ద అతిశయోక్తి కాదు. ఇంధనం ఆదా కోసం మెల్లగా నడిపే అలవాటు యుద్ధంలో ఎందుకు పనికిరాదో ఇక్కడే తెలిసిపోతుంది.

అణు సబ్‌మెరైన్ ఈ లెక్కను చెడగొడుతుంది. అది నీటి కింద 25 నాట్లు దాటి ఎటునుంచైనా రాగలదు. ఆ వేగంలో చప్పుడు చేస్తుందన్నదొక్కటే ఊరట. కానీ మన చుట్టూ ఎక్కువగా ఉండేవి డీజిల్-ఎలక్ట్రిక్ రకాలు. పాకిస్తాన్ కోసం చైనా కడుతున్న కొత్త హంగోర్ తరగతిలో గాలి అక్కరలేని ఇంజిన్లు ఉంటాయి కదా, అప్పుడో? అనొచ్చు. ఆ ఇంజిన్లు ఎక్కువ రోజులు నీటి కిందే ఉండనిస్తాయి గాని వేగం ఇవ్వవు. పరుగెత్తాలంటే బ్యాటరీయే దిక్కు. పూర్తి వేగంతో పరుగెత్తితే అది చూస్తుండగానే అడుగంటుతుంది.

విమానం విలువ ఇక్కడే. చాలామంది విమానం అంటే సబ్‌మెరైన్ మీద బాంబు వేసేది అనుకుంటారు. విమానం చేసే అసలు ఉపకారం సబ్‌మెరైన్‌ని కిందే ఉంచడం, మెల్లగా ఉంచడం. 1942 నాటి జర్మన్ టైప్ 7 సబ్‌మెరైన్ నీటి పైన 17 నాట్లు పోయేది. దాన్ని తరమాల్సిన బ్రిటిష్ ఫ్లవర్ తరగతి కార్వెట్ (చిన్న యుద్ధనౌక) వేగం 16. నీటి పైన అది ఓడకే అందేది కాదు. ఆకాశంలో విమానం కనిపించగానే మునగాల్సిందే, మునిగితే గంటో ఏమో ఏడున్నర నాట్లు, ఆ తరవాత నాలుగుకు పడిపోవాల్సిందే. అంతలో కాన్వాయ్ దాటిపోతుంది. ఆ విమానం బాంబు వేయకపోయినా, సబ్‌మెరైన్‌ని చూడనే చూడకపోయినా, పని అయిపోయింది. లెక్కల పుస్తకంలో మాత్రం ఆ పూట ఖాళీగా కనిపిస్తుంది.

1943 మార్చిలో హెచ్‌ఎక్స్ 229, ఎస్‌సీ 122 అనే రెండు కాన్వాయ్‌లు కలిపి 22 ఓడలు పోగొట్టుకున్నాయి. అట్లాంటిక్ నడిమధ్య విమానాలు అందని ఖాళీ ఉండేది. రెండు నెలలు తిరిగేసరికి, మే నెలలో జర్మన్లు 41 సబ్‌మెరైన్లు పోగొట్టుకుని ఉత్తర అట్లాంటిక్ నుంచి వెనక్కు తగ్గారు. ఆ మధ్యలో కొత్తగా వచ్చినవో, సంఖ్యలో పెరిగినవో దూరం పోగల లిబరేటర్ విమానాలు కొన్ని డజన్లు, చిన్న విమానవాహక ఎస్కార్ట్‌లు, 10 సెంటీమీటర్ల రాడార్, సబ్‌మెరైన్ రేడియోలో మాట్లాడగానే దిక్కు పట్టే పరికరం. దేనికదే గొప్పది కాదు, అన్నీ ఒకే కాన్వాయ్ పైన ఒకేసారి కలిశాయి.

అంతకు ముందు విమానాలు వేసే డెప్త్ చార్జ్‌లను 100 అడుగుల లోతున పేలేలా పెట్టేవారు. సబ్‌మెరైన్ విమానాన్ని చూసి మునిగి ఆ లోతుకు చేరి ఉంటుందని ఊహ. ఇ.జె. విలియమ్స్ అనే భౌతిక శాస్త్రవేత్త దాడుల నివేదికలు చదివాడు. నిజంగా అంత లోతుకు చేరినదైతే ఎటు తిరిగిందో తెలియదు, వేసినా తగలదు. తగిలే అవకాశం ఉన్నది ఇంకా పైనే ఉన్నవాటికి, లేదా అప్పుడే మునుగుతున్నవాటికి. వాటికి 100 అడుగుల పేలుడు చాలా కిందకి పోతోంది. లోతును 25 అడుగులకు తెచ్చేసరికి అవే విమానాలు, అదే మందు, ఫలితం ఎన్నో రెట్లు. జర్మన్లు కొత్త పేలుడు పదార్థం వచ్చిందనుకున్నారట. విమానాల అడుగుభాగానికి నల్ల రంగు బదులు తెల్ల రంగు వేయడం కూడా ఇలాంటిదే. పగటి ఆకాశంలో తెల్లది ఆలస్యంగా కనబడుతుంది, ఆ కొన్ని సెకన్లే కావాలి.

ఇప్పుడు మన తీరానికి వద్దాం. పై లెక్కలు ఏ సముద్రానికైనా ఒకటే. బంగాళాఖాతం మాత్రం నీటి కింద ధ్వనిని ఆడించే తీరు వేరు.

నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. వేడి పెరిగితే వేగం పెరుగుతుంది. ఉప్పు పెరిగితే పెరుగుతుంది, ఒక్కో పాయింటుకు (వెయ్యి పాళ్ళ నీటిలో ఒక పాలు ఉప్పుకు) సుమారు 1.3 మీటర్లు. లోతు పెరిగితే పెరుగుతుంది, 100 మీటర్లకు 1.7 మీటర్ల చొప్పున. ధ్వని కిరణం ఎప్పుడూ వేగం తక్కువున్న పొర వైపు వంగుతుంది. ఈ మూడు ముక్కలతో విశాఖ ముందున్న నీళ్ళ ఏడాది మొత్తాన్ని చదవొచ్చు.

మార్చి, ఏప్రిల్, మే నెలల్లో గాలి తక్కువ, ఎండ ఎక్కువ. మధ్యాహ్నానికి పై రెండు మూడు మీటర్ల నీరు వేడెక్కి పలుచని పొర కడుతుంది. నీటి కింద ధ్వనితో వెతికే పరికరం సోనార్. ఓడ అడుగున ఉన్న సోనార్ పంపే ధ్వని, వేగం ఎక్కువున్న ఆ పై పొర నుంచి కిందకు వంగిపోతుంది. పొద్దున బాగా దూరం పట్టిన సోనార్ మధ్యాహ్నం మూడింటికి పక్కనున్నదాన్ని కూడా పట్టలేకపోవచ్చు. పరికరం చెడలేదు, ఆపరేటర్ నిద్రపోలేదు. 1930లలో అమెరికన్ నేవీ క్యూబా దగ్గర సరిగ్గా ఇలాగే తల పట్టుకుంది. మధ్యాహ్నం భోజనం తరవాత ఆపరేటర్లు బద్ధకిస్తున్నారని కూడా అనుమానించారు. నీటి ఉష్ణోగ్రతను లోతు వెంబడి గీసే బాతీథర్మోగ్రాఫ్ వచ్చాకే సంగతి తేలింది.

అక్టోబరు నుంచి జనవరి దాకా కథ తిరగబడుతుంది. గంగ, మహానది తెచ్చిన వరద నీరు తీరం వెంబడి ప్రవాహంతో పాటు దక్షిణానికి దిగుతుంది. పైన ఉప్పు తక్కువ నీరు, కింద మామూలు ఉప్పు నీరు. చలికాలంలో పై నీరు చల్లబడుతుంది గాని తేలిక కాబట్టి మునగదు, అందుకే దాని కింద దానికన్నా వెచ్చని నీరు ఉండే విచిత్రం ఇక్కడ మామూలే. ఉప్పు ఐదు పాయింట్లు తగ్గితే ధ్వని వేగం ఆరు మీటర్లకు పైగా పడిపోతుంది. ధ్వని పై పొరలోనే చిక్కుకుని చాలా దూరం పోతుంది. పెరిస్కోప్ లోతులో ఉన్న సబ్‌మెరైన్ దూరం నుంచే దొరుకుతుంది. కానీ అదే సబ్‌మెరైన్ ఆ పొర కిందకు దిగితే ఓడ అడుగు సోనార్‌కి దాదాపు కనబడదు. వెతకాలంటే సోనార్‌నే పొర కిందకు దించాలి. తాడు మీద లాగే సోనార్, హెలికాప్టర్ గాలిలో నిలబడి నీళ్ళలోకి దించే సోనార్ ఉన్నది ఇందుకే. విశాఖలోని నేవీ విమాన స్థావరం ఐఎన్ఎస్ డేగా నుంచి ఎగిరే కమోవ్-28 హెలికాప్టర్లు చేసే పని అదే. ఒకచోట దించి విని, ఎత్తి, కొన్ని మైళ్ళు ఎగిరి మళ్ళీ దించడం.

ఇది చాలదన్నట్టు, విశాఖ ముందు నీళ్ళు ఎడతెరిపి లేకుండా ఊగుతుంటాయి. 1950లలో ఆంధ్రా యూనివర్సిటీలో పనిచేసిన యూజీన్ లాఫాండ్, ఆయన సహచరులు ఈ తీరం దగ్గర అడుగు నీరు పైకి రావడాన్నీ, నీటి లోపలి అలలనూ కొలిచారు. పైకి కనబడని ఆ అలలు చల్లని పొరను గంటల్లోనే పైకీ కిందకీ ఊపుతాయి. పొద్దున గీసిన ఉష్ణోగ్రత గీత సాయంత్రానికి పనికిరాదు. అమెరికా 2024 ఆగస్టులో మనకు 5.28 కోట్ల డాలర్ల సోనోబోయ్‌ల (విమానం నుంచి నీళ్ళలో పడేసే తేలే పరికరాల) అమ్మకానికి ఆమోదం తెలిపినప్పుడు జాబితాలో మూడు రకాలున్నాయి. వినేది, ధ్వని పంపి ప్రతిధ్వని పట్టేది, కేవలం నీటి ఉష్ణోగ్రత కొలిచేది. మూడోది ఎందుకని ఎవరైనా అడిగితే జవాబు పై మూడు పేరాలు.

తీరానికి దగ్గరయ్యే కొద్దీ గోల పెరుగుతుంది. వెచ్చని లోతు తక్కువ నీళ్ళలో చిటపటలాడే రొయ్యలు, ఫిషింగ్ హార్బర్ బోట్ల ఇంజిన్లు, రేవు నుంచి వచ్చే పోయే ఓడలు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి మర బోట్ల రొద తగ్గుతుంది, కానీ ఎండ సోనార్‌ని కుంటిది చేసే నెలలూ అవే. ఇటు కలిసొస్తే అటు కలిసిరాదు.

సోనోబోయ్‌ల లెక్క కూడా వేసి చూద్దాం. కాన్వాయ్‌కి 12 మైళ్ళ ముందు ఎడమకు, కుడికి సుమారు 40 డిగ్రీల కోణాలను మూయాలంటే సుమారు 20 మైళ్ళ అడ్డగీత కావాలి. ఒక్కో బోయ్ ఒకటిన్నర మైలు వినగలదనుకుంటే రెండున్నర మైళ్ళకొకటి చొప్పున 8 కావాలి. కాన్వాయ్ 12 నాట్లు పోతోంది కనుక గంటకో కొత్త వరస. రోజుకు 192. సుమత్రా ఉత్తర కొస నుంచి విశాఖకు సుమారు 1,000 నాటికల్ మైళ్ళు, మూడున్నర రోజులు. ఒక్క కాన్వాయ్‌కి 670. నేవీ గస్తీ విమానం పీ-8ఐ ఒక విడతకు మోసేది 120 పైచిలుకు. ఇది పరమ అమాయకమైన లెక్క, నిజంగా ఎవరూ ఇలా పరవరు. అనుమానం ఉన్న చోటే వేస్తారు, రాడార్‌తో కొంత నెట్టుకొస్తారు. అయినా పరిమాణం అర్థమవుతుంది. బోయ్ వాడి పారేసే సరుకు, పని అయ్యాక తనంతట తాను మునిగిపోతుంది. విమానాలెన్ని అని అడిగేవాళ్ళున్నారు గాని గోడౌన్లో బోయ్‌లెన్ని అని అడిగేవాళ్ళు లేరు.

విమానాల సంఖ్య కూడా ఉదారంగా ఏమీ లేదు. పీ-8ఐలు మొత్తం 12. ఎనిమిది అరక్కోణంలో, నాలుగు గోవాలో. అరక్కోణం నుంచి విశాఖకు గాలిలో సుమారు 640 కిలోమీటర్లు, అది సమస్య కాదు. ఒక చోట రాత్రింబవళ్ళు ఒక విమానం ఉండాలంటే వెళ్ళేది, ఉన్నది, తిరిగొచ్చేది, రిపేరులో ఉన్నది కలిపి మూడు నాలుగు కావాలి. అంటే రెండు తీరాలకూ కలిపి ఒకేసారి మూడు కాన్వాయ్‌ల పైన కాపలా, అంతకు మించి లాగలేం. తక్కిన భారం హెలికాప్టర్ ఉన్న ఎస్కార్ట్ ఓడల మీదే. సబ్‌మెరైన్ల వేట కోసమే కట్టిన కమోర్తా తరగతి కార్వెట్లు నాలుగే ఉన్నాయి. విశాఖలో ఉండేవి కాబట్టి మనకవి బాగా తెలిసిన పేర్లు.

దాడి సంగతి. పాత డెప్త్ చార్జ్ సెకనుకు 3 మీటర్లు మునిగేది. 100 మీటర్ల లోతుకు అర నిమిషం పైన. ఓడ దగ్గరకొచ్చే కొద్దీ సోనార్ ధ్వని సబ్‌మెరైన్ మీదుగా దాటిపోయి, చివరి 180 మీటర్లు గుడ్డిగానే పోవాలి. అది 15 నాట్ల ఓడకు ఇంకో 23 సెకన్లు. ఈ యాభై ఐదు సెకన్లలో 4 నాట్లు పోతున్న సబ్‌మెరైన్ 110 మీటర్లు పక్కకు జరిగిపోతుంది. చార్జ్ సబ్‌మెరైన్ ఉక్కు ఒంటిని పగలగొట్టేది ఆరేడు మీటర్ల లోపలైతేనే. బ్రిటిష్ లెక్కల్లో సుమారు 60 దాడులకు ఒక సబ్‌మెరైన్ మునిగింది. 24 చిన్న బాంబులను ముందుకు విసిరే హెడ్జ్‌హాగ్ వచ్చాక ఆరు దాడులకు ఒకటి. అది తగిలితేనే పేలుతుంది. గురి తప్పితే నీళ్ళలో చప్పుడుండదు, సోనార్ ఆపరేటర్ మళ్ళీ వినగలడు. డెప్త్ చార్జ్ పేలితే పావు గంట పాటు బుడగలు, ప్రతిధ్వనులు, చెవులు పనిచేయవు. అందుకే మొదట్లో నావికులకు హెడ్జ్‌హాగ్ నచ్చలేదు, పేలుడు వినబడకపోతే ఏదో చేశామన్న తృప్తి లేదు మరి. మన ఓడల మీది రాకెట్ లాంచర్ ఆర్‌బీయూ-6000 అదే వంశం, 12 గొట్టాలు, దాదాపు 6 కిలోమీటర్ల దాకా విసురుతుంది. టార్పెడోలు వచ్చాక దాన్ని పాత సామాను అనేవాళ్ళున్నారు. లోతు తక్కువ నీళ్ళలో అడుగు నుంచి వచ్చే ప్రతిధ్వనికి టార్పెడో మోసపోయినప్పుడు ఈ పాత సామానే అక్కరకొస్తుంది.

ఎదుటివాడి టార్పెడో ఓడ చప్పుడును వెంటాడి వస్తే దానికి ఎక్కువ చప్పుడు చేసే ఎరను వెనక లాగుతారు. 1943లో బ్రిటిష్ వాళ్ళు రెండు ఇనప గొట్టాలు కట్టి లాగారు, పనిచేసింది, కానీ ఆ రొదలో తమ సోనార్ కూడా చెవిటిదైంది. ఇవాళ మన ఊళ్ళోని నేవీ పరిశోధనశాల ఎన్ఎస్‌టీఎల్ రూపొందించిన మారీచ్ అనే ఎర తెలివైనదే. అయినా వినడమా, వేగంగా పోవడమా, చప్పుడు చేయడమా అన్న మూడింట్లో ఒకటి ఎంచుకుంటే ఇంకోటి వదులుకోక తప్పదు. ఖుక్రీ ఆ రాత్రి సోనార్ బాగా పనిచేయాలని నెమ్మదిగా పోతోంది.

చివరగా రేవు ముఖం. డాల్ఫిన్స్ నోస్ పక్కనున్న సన్నటి కాలువే లోపలి హార్బర్‌కి దారి. సబ్‌మెరైన్ టార్పెడోతో రానక్కరలేదు, మైన్లు పరిచి పోతే చాలు. 1987 జులైలో పర్షియన్ గల్ఫ్‌లో అమెరికన్ యుద్ధనౌకలు కాపలాగా వెంట ఉండగానే బ్రిడ్జ్‌టన్ అనే ట్యాంకర్ మైనుకు తగిలింది. తరవాత ఆ యుద్ధనౌకలు పెద్ద ఓడ వెనక నక్కి నడిచాయి, ఎందుకంటే మైన్ తగిలితే ట్యాంకర్ తట్టుకుంటుంది, అవి తట్టుకోలేవు. మన మైన్‌స్వీపర్లలో చివరిది ఐఎన్ఎస్ కోజికోడ్ 2019లో రిటైరైంది, దాని చోటులోకి కొత్తవి ఇంకా రాలేదు. ఈ తీరంలో రక్షణ గురించి ఒక్క మాటే చెప్పమంటే నేను ఇదే చెబుతాను.

ఇక ముందు వాయిదా వేసిన అభ్యంతరం. ఇరవై ఓడలు ఒకేసారి వస్తే రేవు ఏం చేస్తుంది? స్టీల్ ప్లాంటుకు కోకింగ్ కోల్, రిఫైనరీకి క్రూడ్, అన్నీ ఒక్క రోజున వచ్చి నిలబడితే బెర్తులు చాలవు, లంగరేయాలి. లంగరేసిన ఓడకు వేగం సున్నా. పైన చెప్పిన కోణం అప్పుడు 360 డిగ్రీలు. శాంతికాలంలో బీచ్ నుంచి కనిపించే ఆ దీపాల వరస యుద్ధంలో ఉండకూడదు. అంటే కాన్వాయ్‌ని బయలుదేరే చోటే రేవుల వారీగా కట్టాలి. గంగవరం, విశాఖ, కాకినాడ, పారాదీప్ ఓడలు వేర్వేరు నిలువు వరసల్లో ఉంటే విడిపోయేటప్పుడు ఒకదాని దారికి ఇంకోటి అడ్డురాదు.

అలా విడిపోయే చోటే అన్నిటికన్నా ప్రమాదం. పెద్ద ఎస్కార్ట్‌లు రెండో మూడో ఉంటాయి, గుంపులు నాలుగవుతాయి. ఒక్కో గుంపుకు ఇద్దరు ముగ్గురు కాపలా కావాలి, అదీ లోతు తగ్గుతున్న, గోల పెరుగుతున్న నీళ్ళలో. 2025 జూన్ 18న విశాఖలో నేవీలో చేరిన ఐఎన్ఎస్ అర్నాలా, ఆ కోవలో కడుతున్న మొత్తం 16 ఓడలు సరిగ్గా ఈ పనికి సరిపోయే పరిమాణంవి. 77 మీటర్ల పొడవు, వాటర్‌జెట్‌లు, తేలికపాటి టార్పెడోలు. వాటిని రేవు చుట్టూ తిప్పడం కన్నా, లోతు 200 మీటర్లకు పడిపోయే అంచు దాకా ముందే పంపి, వచ్చే గుంపును అక్కడ అందుకునేలా సాధన చేయించాలి. ఆ సాధనలో నిజమైన బొగ్గు ఓడ ఉండాలి. ఇరవై పాతిక మంది సిబ్బందితో నడిచే, ఆగాలంటే మైళ్ళు పట్టే ఓడ, ఏఐఎస్ (తానెక్కడుందో చుట్టూ ఓడలకు చెప్పే రేడియో) ఆపేసి, దీపాలార్పేసి, వేట బోట్ల మధ్య నుంచి రాత్రిపూట మలుపు తిరగడం ఎలాగో కెప్టెన్‌కీ తెలియాలి, ఎస్కార్ట్‌కీ తెలియాలి. మన విదేశీ వ్యాపారంలో మన జెండా ఓడలు మోసేది పదో వంతు కూడా లేదు కాబట్టి, ఆ కెప్టెన్ చాలావరకు మన దేశపు జెండా కింద ఉండడు. అతనికి ఇచ్చే సూచనల కాగితం ఏ భాషల్లో ఉండాలి, బీమా ఎవరు కడతారు, వరసలోకి రానంటే ఏం చేస్తారు అన్నవి యుద్ధం మొదలయ్యాక కూర్చుని తేల్చుకునే సంగతులు కావు.